చెరువు పేరుతో వచ్చిన యుద్ధయంత్రం

సిద్దిపేట ప్రాంతం చెరువుల సీమ. పట్టణానికి కోమటి చెరువు ఎంతో, పల్లెకు దాని ఊరచెరువు అంత. ఈ చెరువును ఇంగ్లీషు దొరల రెవెన్యూ కాగితాలలో 'టాంకు' అని రాసుకున్నారు. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ కట్టకు టాంక్‌బండ్ అనే పేరు ఆ వాడుక నుంచి వచ్చిందే. నీళ్లు నిలువచేసే చోటు అని దాని అర్థం.

ఆ మాటకు మరో అర్థం మొదటి ప్రపంచయుద్ధ కాలంలో వచ్చింది. ఇంగ్లండులో గొలుసు చక్రాల మీద నడిచే ఇనుప కోట ఒకటి తయారవుతున్నది. శత్రువుకు ఆ సంగతి పొక్కకుండా ఉండాలి. అందుకని ఫ్యాక్టరీలో పనిచేసే కార్మికులతో సైతం, ఇది ఎడారి దేశంలో సిపాయిలకు నీళ్లు మోసే తొట్టి అని చెప్పారు. ఆ దొంగపేరే దానికి స్థిరపడిపోయింది. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులోని సోమ్ యుద్ధరంగంలో ఆ 'నీళ్లతొట్టి' మొదటిసారి మనుషుల మీదికి నడిచింది.

ఆ తర్వాత ఇరవై ఏళ్లు గడవకముందే జర్మనీలో అదే యంత్రానికి మరొక దొంగపేరు పెట్టారు. ఈసారి అది వ్యవసాయపు ట్రాక్టరు. మరి పదిహేనేళ్లకు, 1948లో, ఆ జాతి యంత్రాలే మన తెలంగాణా రోడ్ల మీదికి వచ్చాయి. అప్పుడు దండయాత్రకే పేరు మార్చారు. దాన్ని 'పోలీసు చర్య' అన్నారు.

నీళ్లతొట్టి, ట్రాక్టరు, పోలీసు. మూడు పేర్లూ శాంతికాలపువే. యుద్ధయంత్రం తన సొంత పేరుతో ఎందుకు రాదు? ఎవరి నుంచి దాచుకోవడానికి ఈ పేర్లు? జర్మన్ టాంకుల చరిత్రను ఈ ప్రశ్నతో చూడాలని ఈ వ్యాసం ఉద్దేశం.

ఇప్పుడు దీనిని తవ్వడానికి కారణం ఉన్నది. మన విద్యార్థులలో జర్మన్ టాంకు మీద ఒక విచిత్రమైన మోజు కనిపిస్తున్నది. సినిమాలూ, ఆటలూ, బొమ్మల పుస్తకాలూ దాన్ని పెంచి పోషిస్తున్నాయి. హిట్లరు దుర్మార్గుడే గాని అతని టాంకులు మాత్రం సాటిలేనివి అనే మాట తరగతి గదిలో తరచు వినబడుతుంది. ఫాసిజాన్ని ముందు గుమ్మం నుంచి వెళ్లగొట్టి, దాని యంత్రానికి దొడ్డిదారిన పీట వేయడమే ఇది. యంత్రం మీద గౌరవం క్రమంగా దాన్ని తయారుచేసిన వ్యవస్థ మీద గౌరవంగా మారుతుంది. కాబట్టి ఆ సాటిలేనితనం ఎంతవరకు నిజమో లెక్క చూడడం అవసరం.

1

మొదటి ప్రపంచయుద్ధంలో టాంకు విషయంలో జర్మనీ వెనుకబడిన దేశం. తుపాకీ గుండ్లకు, ముళ్లకంచెలకు లక్షలాది కార్మిక కర్షక యువకులు బలైపోతున్న కందకాల యుద్ధాన్ని ఎలా ఛేదించాలన్న సమస్యకు బ్రిటిషువారూ, ఫ్రెంచివారూ టాంకుతో జవాబు వెదికారు. 1917 నవంబరులో కాంబ్రే వద్ద బ్రిటన్ నాలుగు వందలకు పైగా టాంకులను ఒక్కసారి నడిపింది. జర్మనీ తయారుచేసిన ఏ7వీ అనే బరువైన టాంకులు యుద్ధం ముగిసేనాటికి 20 మాత్రమే. 1918 ఏప్రిల్ 24న విల్లేర్ బ్రెటొన్నో గ్రామం వద్ద జర్మన్, బ్రిటిషు టాంకులు ఎదురుపడ్డాయి. టాంకుకూ టాంకుకూ మధ్య చరిత్రలో అది మొదటి పోరు. అప్పటికే జర్మనీలో ఉక్కు కొరత. ఉన్న ఉక్కు జలాంతర్గాములకూ ఫిరంగులకూ పోతున్నది. అందువల్ల టాంకు అనేది వీరత్వానికి సంబంధించిన విషయం కాదనీ, ఉక్కుకూ నూనెకూ కర్మాగారానికీ సంబంధించిన విషయమనీ జర్మన్ సైన్యాధిపతులకు ఓటమి నేర్పింది.

1919 వర్సేల్స్ సంధి జర్మనీకి టాంకులు నిషేధించింది. చేయరాదు, కొనరాదు. సైన్యం లక్షమందికి మించరాదు. ఆ నిషేధాన్ని జర్మన్ సైన్యమూ ఉక్కు గుత్తాధిపతులూ కలిసి తొలినాటి నుంచే తప్పించుకున్నారు. 1920ల చివర క్రుప్, రైన్‌మెటల్, డైమ్లర్ బెంజ్ కంపెనీలు 'పెద్ద ట్రాక్టరు' అనే పేరుతో టాంకు నమూనాలు తయారుచేశాయి. హిట్లరు వచ్చిన తరువాత 1934లో ఉత్పత్తి మొదలైన మొదటి రకం పాంజరు టాంకు కాగితాల మీద వ్యవసాయపు ట్రాక్టరే. దున్నేవాడి పనిముట్టు పేరు పెట్టుకుని దున్నేవాడి కొడుకును చంపే యంత్రం తయారయింది.

ఇక్కడ మన పక్షపు రచనలలో తరచు దాటవేసే ఒక ఘట్టం ఉన్నది. జర్మన్ అధికారులు టాంకు నడపడం నేర్చుకున్న బడి సోవియట్ గడ్డ మీద, కజాన్ నగరం దగ్గర ఉండేది. 1926లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఏర్పడిన ఈ కామా శిక్షణాలయం 1929 నుంచి 1933 వరకు నడిచింది. చుట్టూ సామ్రాజ్యవాదుల దిగ్బంధం ఉన్న రోజులలో సోవియట్ రాజ్యానికి జర్మన్ యంత్రవిద్య అవసరమైంది. వర్సేల్స్ నిషేధం ఉన్న జర్మన్ సైన్యానికి దాగుకునే చోటు అవసరమైంది. ఇద్దరూ నేర్చుకున్నారు. 1933లో హిట్లరు అధికారంలోకి రాగానే ఆ బడి మూతపడింది. ఈ సంగతిని శత్రువులు ఎత్తిచూపినప్పుడు తడబడడం కంటే మనమే ముందుగా చెప్పడం మేలు. దానితోపాటు ఇంకొకటి కూడా చెప్పాలి. టాంకులు, విమానాలు, పదాతిదళం కలిసి శత్రువు వెనుకవరకు చొచ్చుకుపోవాలనే సిద్ధాంతాన్ని ఆ కాలంలో అందరికంటే లోతుగా ఆలోచించినవారిలో ఎర్రసేన సేనానులు త్రియాందాఫిల్లోవ్, తుహాచెవ్‌స్కీలు ఉన్నారు. 1932లోనే సోవియట్ సైన్యం యాంత్రిక దళాలను నిర్మించింది. 1937 జూన్‌లో తుహాచెవ్‌స్కీని దేశద్రోహి అన్న ఆరోపణ మీద కాల్చివేశారు. ఆయనతోపాటు వేలాది అధికారులు ఆ రోజులలో పోయారు. 1939లో ఆ పెద్ద యాంత్రిక దళాలనే రద్దుచేశారు. 1941 వేసవిలో సోవియట్ ప్రజలు చెల్లించిన మూల్యంలో ఈ తప్పుకు పెద్ద భాగమే ఉన్నది.

2

1933 ఫిబ్రవరి 20న బెర్లిన్‌లో గోరింగ్ నివాసంలో ఒక సమావేశం జరిగింది. జర్మనీలోని పెద్ద పారిశ్రామికులను హిట్లరు కలుసుకున్నాడు. క్రుప్ కంపెనీ అధిపతి గుస్టావ్ క్రుప్ అక్కడ ఉన్నాడు. నాజీల ఎన్నికల నిధికి ముప్ఫై లక్షల మార్కులు పోగుచేయాలని నిశ్చయించారు. మే 2న కార్మిక సంఘాల కార్యాలయాలను నాజీలు ఆక్రమించి, సంఘాలను రద్దుచేశారు. ఈ రెండు తేదీల మధ్య ఉన్నది పది వారాలు. టాంకుల చరిత్ర రాసేవారు సాధారణంగా గుడేరియన్ అనే సేనాని రాసిన పుస్తకంతో మొదలుపెడతారు. ఈ రెండు తేదీలతో మొదలుపెడితే విషయం ఇంకా బాగా అర్థమవుతుంది.

ఆయుధాలకు డబ్బు ఎక్కడిది? క్రుప్, సీమెన్స్, రైన్‌మెటల్, గూటెహోఫ్నుంగ్స్‌హ్యుట్టె కలిసి మెఫో అనే ఒక బొమ్మ కంపెనీని పెట్టాయి. ఆయుధాలు అమ్మినవారికి ఆ కంపెనీ పేర హుండీలు ఇచ్చారు. వాటికి వెనుక రాజ్యం పూచీ. మన ఊరి షావుకారు బినామీ పేరుతో నడిపే వ్యాపారం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. 1938 నాటికి ఈ హుండీల విలువ సుమారు 1,200 కోట్ల మార్కులు. ఆ అప్పు తీర్చే దారి జర్మనీలో లేదు. పొరుగు దేశాల బంగారం, ధాన్యం, గనులు, కూలీలను దోచుకుంటేనే తీరుతుంది. అంటే టాంకును కొనడానికి చేసిన అప్పు తీర్చడానికే టాంకును నడపవలసి వచ్చింది. యుద్ధం నాజీ ఆర్థిక వ్యవస్థకు అనుకోకుండా వచ్చిన ఆపద కాదు. అది ఆ వ్యవస్థ బయటపడడానికి ఎంచుకున్న దారి.

1935 అక్టోబరులో మొదటి మూడు పాంజరు డివిజన్లు ఏర్పడ్డాయి. వీటిలో కొత్తదనం ఏమిటో గ్రహించాలి. టాంకు ఒక్కటే వెళితే ఊరకే చిక్కుకుపోతుంది. దాని వెంట లారీలలో పదాతిదళం, లాగుడు బండ్లపై ఫిరంగులు, వంతెనలు కట్టే ఇంజనీర్లు, నూనె మోసే బండ్లు, పైన విమానాలు, ప్రతి టాంకులోనూ రేడియో. ఇన్ని పనులవాళ్లు ఒకే అధికారి కింద ఒకే వేగంతో నడవడమే పాంజరు డివిజను. ఇది జర్మన్ రక్తంలో పుట్టిన ప్రతిభ కాదు. బ్రిటన్‌లో ఫుల్లర్, లిడెల్‌హార్ట్ ఈ ఆలోచనలు ముందే రాశారు. ఫుల్లర్ తరువాత బ్రిటిషు ఫాసిస్టుగా మారి, 1939లో హిట్లరు యాభయ్యవ పుట్టినరోజు కవాతుకు అతిథిగా వెళ్లాడు. సోవియట్ సేనానుల సంగతి పైన చెప్పుకున్నాం. ఆలోచన అంతర్జాతీయం, దానిని దోపిడీకి అంకితం చేసింది నాజీ రాజ్యం.

స్పెయిన్ ఆ యంత్రానికి పరీక్షాశాల. 1936 నుంచి స్పెయిన్ ప్రజారాజ్యం మీద ఫ్రాంకో పక్షాన జర్మన్ టాంకులు నడిచాయి. రెండు మరతుపాకులు మాత్రమే ఉన్న మొదటి రకం పాంజరు, ప్రజారాజ్యానికి సోవియట్ యూనియన్ పంపిన టీ-26 ఫిరంగి ముందు నిలవలేకపోయింది. 1938లో ఆస్ట్రియా మీదికి వెళ్లిన పాంజరు దళాలలో అనేకం ఎదురు లేకపోయినా దారిలోనే చెడిపోయి ఆగిపోయాయి. మ్యూనిక్‌లో బ్రిటన్, ఫ్రాన్సు పాలకులు చెకొస్లొవేకియాను అప్పగించిన ఫలితంగా 1939 మార్చిలో స్కోడా, సీకేడీ కర్మాగారాలు జర్మనీ చేతికి వచ్చాయి. 1940లో ఫ్రాన్సు మీదికి వెళ్లిన పది పాంజరు డివిజన్లలో మూడింటికి ప్రధానంగా ఉన్నవి చెక్ కార్మికులు చేసిన టాంకులే. రోమెల్ పేరు మోగించిన 7వ డివిజను వాటిలో ఒకటి. అజేయమైన జర్మన్ టాంకు అని మన పిల్లలు చెప్పుకునేదానిలో కొంత భాగం దొంగసొత్తు.

1940 మే నెలలో ఫ్రాన్సు పతనాన్ని చూడండి. జర్మన్ టాంకులు సుమారు 2,500. ఫ్రెంచి, బ్రిటిషు టాంకులు కలిపితే అంతకంటే ఎక్కువ. వాటిలో ఫ్రెంచి బరువు టాంకుల కవచం జర్మన్ టాంకుల కవచం కంటే మందం. మే 13న సెడాన్ వద్ద మ్యూజ్ నది దాటి, మే 20కి సముద్రం చేరారు జర్మన్లు. గెలిపించింది ఉక్కు మందం కాదు. రేడియో, వేగం, ఒకేచోట కేంద్రీకరణ గెలిపించాయి. అవతల, 1936 నాటి ప్రజాసంఘటనను హిట్లరు కంటే ఎక్కువగా ద్వేషించిన ఫ్రెంచి పాలకవర్గం తన ప్రజలనే నమ్మలేదు. ఆ సమయాన జర్మన్ సైన్యంలో పదింట తొమ్మిది డివిజన్లు కాలినడకన, గుర్రపు బండ్ల వెంట నడుస్తున్నవే. 'మెరుపు యుద్ధం' అనేది పత్రికలు వ్యాప్తిచేసిన మాట. జర్మన్ సైనిక శాస్త్రంలో స్థిరపడిన సిద్ధాంతం పేరు కాదు. మెరుపు ముందు నడిచింది, వెనుక గుర్రాలు నడిచాయి.

3

1941 జూన్ 22న ముప్ఫై లక్షల జర్మన్ సైనికులు సోవియట్ యూనియన్ మీద పడ్డారు. వారి వెంట మూడున్నర వేల దాకా టాంకులు, ఆరు లక్షలకు పైగా గుర్రాలు. ఆ ఏడాది ఎర్రసేన పోగొట్టుకున్న టాంకులు దాదాపు ఇరవై వేలు. ఆ లెక్క చూస్తే ఏ దేశమైనా కూలిపోవాలి. కూలలేదు. ఎందుకు?

మొదటి కారణం టీ-34. ఖార్కోవ్ కర్మాగారంలో మిహాయిల్ కోష్కిన్ బృందం దానిని రూపొందించింది. వాలుగా పేర్చిన కవచం, 76 మిల్లీమీటర్ల ఫిరంగి, డీజిలు ఇంజను, బురదలో కూరుకుపోని వెడల్పాటి గొలుసులు. 1940 మార్చిలో నమూనాలను ఖార్కోవ్ నుంచి మాస్కోకు సొంత ఇంజన్ల మీదనే నడిపించారు. ఆ చలి ప్రయాణంలో జబ్బుపడిన కోష్కిన్ అదే సంవత్సరం సెప్టెంబరులో చనిపోయాడు. తన యంత్రం యుద్ధంలో పాల్గొనడం ఆయన చూడలేదు.

రెండవ కారణం మరింత పెద్దది. 1941 జులై నుంచి నవంబరు వరకు పదిహేను వందల పెద్ద కర్మాగారాలను విప్పి, రైళ్లకెక్కించి, యూరల్ పర్వతాలకు, సైబీరియాకు తరలించారు. చెల్యాబిన్‌స్క్‌లో ట్రాక్టర్లు చేసే కర్మాగారం టాంకులు చేయసాగింది. దానిని ప్రజలు 'టాంకుల పట్నం' అని పిలిచారు. ఇక్కడ ట్రాక్టరు దొంగపేరు కాదు. నిజంగా పొలం దున్నడానికి కట్టిన కర్మాగారం దేశాన్ని కాపాడుకోవడానికి తిరగబడింది. పురుషులు సరిహద్దుకు పోగా ఆడవాళ్లూ, పద్నాలుగు పదిహేనేళ్ల పిల్లలూ లేతుయంత్రాల ముందు నిలబడ్డారు.

జర్మనీ దీనికి జవాబుగా మరింత బరువైన, మరింత ఖరీదైన టాంకులు చేసింది. 57 టన్నుల టైగరు ఒక్కొక్కటీ యుద్ధంలో భయంకరమైనదే, సందేహం లేదు. కాని మొదటి రకం టైగర్లు తయారైనవి మొత్తం 1,350 మాత్రం. టీ-34లు యాభై వేలు దాటాయి. టైగరు చాలా వంతెనల మీద నడవలేదు, మామూలు వెడల్పు గొలుసులతో రైలెక్కలేదు, దాహం తీరా నూనె తాగేది. చెడితే బాగుచేయడానికి రోజులు పట్టేది. నూనె లేని దేశం నూనె తాగే యంత్రాన్ని చేసింది. దానిని చేసినవారెవరు? 1944లో జర్మనీలో పనిచేయించబడుతున్న విదేశీ కూలీలు డెబ్బై లక్షలకు మించి ఉన్నారు. పోలండు, ఉక్రెయిన్ గ్రామాల నుంచి ఎత్తుకొచ్చిన యువతీయువకులు, యుద్ధఖైదీలు, నిర్బంధ శిబిరాల అభాగ్యులు. ఈ మాటకు తెలంగాణా పల్లెలో తేలిక అనువాదం ఉన్నది: వెట్టి. మొనగాడి యంత్రమని మనం బొమ్మలో చూసే టాంకు లోపల వెట్టివాడి ఎముకలు ఉన్నాయి.

1943 జులైలో కుర్స్క్ వద్ద ఆ యంత్రం పెద్ద ఎత్తున ముందుకు నడవజూసింది. దానికి ఎదురుగా సోవియట్ టాంకులే కాదు, నెలల తరబడి తవ్విన కందకాలు, పాతిన మందుపాతరలు, దాచిన ఫిరంగులు నిలిచాయి. ఆ కందకాలు తవ్వినవారిలో లక్షలాది గ్రామీణ స్త్రీలు, ముసలివాళ్లు ఉన్నారు. పార పట్టిన చేయి పాంజరును ఆపిన చోటు కుర్స్క్.

4

ఈ కథతో మనవాళ్లకు సంబంధం లేదనుకోవద్దు. 1941 ఏప్రిల్‌లో లిబియా ఎడారిలో మెచిలి అనే చోట 3వ భారత మోటారు బ్రిగేడును రోమెల్ దళాలు చుట్టుముట్టాయి. ఆ బ్రిగేడుకు టాంకులు లేవు. లారీల మీద తుపాకులతో ఉన్న మనవాళ్లను ఇంగ్లీషు పాలకులు జర్మన్ టాంకుల ముందు నిలబెట్టారు. ఎందరో పట్టుబడ్డారు. అదే బ్రిగేడుకు చెందిన 18వ అశ్వికదళం టోబ్రుక్ ముట్టడిలో కాలిబంట్లుగా పోరాడింది. మరో పక్క నిజాం నవాబు, తన పేద రైతుల నుంచి పిండిన సొమ్ముతో, బ్రిటిషు విమానదళానికి విమానాలు బహూకరించాడు. 152వ స్క్వాడ్రనుకు హైదరాబాదు పేరు పెట్టారు. ఫాసిజాన్ని ఎదిరించే విమానం మీద హైదరాబాదు పేరు, హైదరాబాదు పల్లెలో వెట్టి, గడీ, నాగు వడ్డీ.

ఆ పల్లెలో 1946 నుంచి రైతులు తిరగబడ్డారు. 1948 నాటికి రజాకార్లు ఊళ్లమీద పడి దోచుకోవడం, తగలబెట్టడం సాగుతున్నది. నేటి సిద్దిపేట జిల్లాలో ఉన్న బైరాన్‌పల్లి ప్రజలు గ్రామరక్షక దళం కట్టుకొని, ఊరి బురుజునే తమ కోట చేసుకున్నారు. బురుజు మీద కాపలా, చేతిలో వడిసెల, బర్మారు తుపాకీ. రజాకార్ల దాడులను వారు అంతకుముందు తిప్పికొట్టారు. 1948 ఆగస్టు 27 తెల్లవారుజామున రజాకార్లు, నిజాం సిబ్బంది పెద్ద ఎత్తున ఫిరంగితో వచ్చారు. బురుజు ఆ దెబ్బకు ఆగలేదు. చేజిక్కిన యువకులను వరుసగా నిలబెట్టి కాల్చారు. స్త్రీల మీద అత్యాచారాలు జరిగాయి. పొరుగున కూటిగల్లులో కూడా హత్యాకాండ జరిగింది. రెండు ఊళ్లూ కలిపి వందకు పైగా మనుషులు పోయారు.

ఆ ఘోరానికి నాలుగు వారాల ముందే, జులై 31న, నూరెంబర్గులో క్రుప్ కంపెనీ వారసుడు ఆల్‌ఫ్రీడ్ క్రుప్‌కు వెట్టి కూలీల నేరం కింద పన్నెండేళ్ల శిక్ష వేశారు. 1951లో అమెరికా అధికారి అతన్ని విడుదలచేసి ఆస్తి తిరిగి ఇచ్చాడు. బైరాన్‌పల్లి బాధితులకు అటువంటి విచారణ ఏదీ దక్కలేదు.

సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలో ప్రవేశించింది. ప్రధాన దళం షోలాపూర్ నుంచి, మేజర్ జనరల్ జె. ఎన్. చౌధురి ఆధ్వర్యంలో 1వ ఆర్మర్డ్ డివిజను. ఈ చౌధురి ఆఫ్రికా యుద్ధరంగంలో 5వ భారత డివిజనుతో పనిచేసినవాడు, బర్మాలో 16వ లైట్ కావల్రీని నడిపినవాడు. ఆయన పథకం చూస్తే పాఠం ఎక్కడిదో తెలుస్తుంది. మెరుపులా దూకడానికి ఒక దళం, వెనుక పట్టు బిగించడానికి ఒక దళం, పైన విమానాలు. మొదటి రోజే బోరి నది మీద నల్‌దుర్గ్ వంతెనను చెక్కుచెదరకుండా పట్టుకొని, మధ్యాహ్నానికి అరవై కిలోమీటర్లు లోపల ఉన్న ఉమర్గా చేరారు. టోబ్రుక్‌లో నిలిచిన 18వ అశ్వికదళం వారు ఈ దాడిలో తుల్జాపూర్ వైపు నడిచారు. తూర్పు నుంచి, బెజవాడ రోడ్డు మీద వచ్చిన దళం కోదాడ, మునగాల, సూర్యాపేట మీదుగా సాగింది. నిజాం సైన్యానికి టాంకులు లేవు. హంబర్, స్టాగ్‌హౌండ్ కవచపు కార్లు ఉన్నాయి. సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు. 18న చౌధురి తన దండుతో నగరం చేరగా సేనాధిపతి ఎల్ ఎద్రూస్ లాంఛనంగా లొంగుబాటు పత్రం సమర్పించాడు. పాంజరు పాఠం అయిదు రోజులలో అప్పజెప్పబడింది.

రజాకార్ల పీడ విరగడైందని ప్రజలు ఊపిరి పీల్చుకున్నది వాస్తవం. బైరాన్‌పల్లిలో ఆ టాంకులు మూడు వారాలు ముందు వచ్చి ఉంటే ఎందరో బతికేవారు. ఈ మాటను కాదనడం మూర్ఖత్వం. అయితే ఆ దండు నిజాముతో ఆగలేదన్నదీ వాస్తవమే. నెహ్రూ పంపిన పండిత సుందర్‌లాల్ కమిటీ, ఆ చర్య సమయంలోనూ తర్వాతా చనిపోయిన ముస్లింల సంఖ్య 27 వేల నుంచి 40 వేల వరకు ఉంటుందని అంచనా వేసింది. ఎక్కువ నష్టపోయినవి ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు. వాటిలో రెండు టాంకుల దండు నడిచిన పడమటి దారిలోనే ఉన్నాయి. రజాకారు చేసిన పాపానికి పేద ముస్లిం నేతగాడు, రైతు బలి అయ్యాడు. ఆ నివేదిక దశాబ్దాల తరబడి ప్రజల కంట పడలేదు. ఇక తెలంగాణా జిల్లాలలో సైన్యం రైతు దళాల మీదికి తిరిగింది. మూడు వేల గ్రామాలలో పది లక్షల ఎకరాలు పంచామనీ, నాలుగు వేలమంది కమ్యూనిస్టులు, రైతు కార్యకర్తలు చంపబడ్డారనీ ఉద్యమ నాయకుల లెక్క. టోపీ మార్చుకున్న దొరలు సైనిక లారీల వెనుక తమ గడీలకు తిరిగి వచ్చారు. 1951 అక్టోబరులో పోరాటం విరమించబడింది.

విరమణ పైన మనలో నేటికీ వాదాలు ఉన్నాయి. ఆ వాదంలో యంత్రం పాత్రను తక్కువ చేసేవారు ఉన్నారు, ఎక్కువ చేసేవారూ ఉన్నారు. బర్మారు తుపాకీ గడీని కూల్చగలిగింది గాని ఆధునిక సైన్యాన్ని నిలువరించలేకపోయింది. ఇది నిజం. అయితే కుర్స్క్‌లో పార నెగ్గింది అంటే, ఆ పార వెనుక టాంకుల పట్నం ఉన్నది, రాజ్యం ఉన్నది. బైరాన్‌పల్లి బురుజు వెనుక ఊరు తప్ప ఏమీ లేదు. ధైర్యం రెండుచోట్లా ఒకటే. కర్మాగారం ఎవరి చేతిలో ఉన్నదన్నదే తేడా. వీరగాథ రాసేటప్పుడు ఈ తేడాను మరిచిపోతే అమరులకు అన్యాయం చేసినట్టే. రాబోయే తరానికి తప్పుడు లెక్క చెప్పినట్టే.

5

సిద్దిపేట 2016 వరకు మెదక్ జిల్లాలో భాగం. ఆ ఉమ్మడి జిల్లాలోనే, సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారంలో, 1984లో ఆయుధ కర్మాగారం స్థాపించారు. అప్పటి మెదక్ పార్లమెంటు సభ్యురాలు ప్రధాని ఇందిరాగాంధీ. సోవియట్ లైసెన్సుతో బీఎంపీ-2 అనే, సిపాయిలను మోసుకుపోయే గొలుసు చక్రాల పోరాటబండి అక్కడ 'సారథ్' పేరుతో తయారవుతున్నది. టాంకు వెంట పదాతిదళం అదే వేగంతో నడవాలి అన్న 1935 నాటి పాఠానికి ఇది మనుమరాలు వంటిది. పేరు మాత్రం మళ్లీ మెత్తనిది.

దేశరక్షణకు కర్మాగారం ఉండరాదని ఈ వ్యాసకర్త అనడం లేదు. టీ-34 లేనిదే ఫాసిజం ఓడేది కాదు. కాని 2021లో ఆయుధ కర్మాగారాల బోర్డును ఏడు కార్పొరేషన్లుగా విడగొట్టినప్పుడు, కార్మిక సంఘాలు సమ్మె నోటీసు ఇవ్వగా, జూన్ 30న ఆర్డినెన్సు తెచ్చి ఆ సమ్మెను నిషేధించారు. ఎద్దుమైలారం అప్పటినుంచి ఆర్మర్డ్ వెహికల్స్ నిగం అనే కంపెనీ కింద ఉన్నది. దీనిని 1933 మే 2తో సమానం చేయడం తొందరపాటు. అక్కడ సంఘాలనే తుడిచిపెట్టారు, ఇక్కడ సంఘాలు ఉన్నాయి, మాట్లాడుతున్నాయి. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. యంత్రం చేసే మనిషికి నోరు లేకుండా చేసినప్పుడు, ఆ యంత్రం ఎటు తిరుగుతుందో అడిగేవాడు ఎవరు?

బైరాన్‌పల్లి బురుజు ఇంకా నిలిచే ఉన్నది. ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. జర్మన్ టాంకు బొమ్మను మెచ్చుకునే కుర్రవాణ్ని చీవాట్లు పెట్టకండి. ఆ టాంకు ఎన్ని టన్నులు, ఫిరంగి ఎంత పొడవు అని అతను చెప్పగలిగితే సంతోషించి, మరి మూడు సంగతులు అడగండి. దాన్ని చేసిన కూలీకి జీతం ఎంత ఇచ్చారు? దాని అప్పు ఎవరు కట్టారు? దానికి మొదట పెట్టిన పేరు ఏమిటి? జవాబులు వెదుకుతున్నప్పుడు ఒకరోజు బస్సెక్కించి ఆ బురుజు దగ్గరికి తీసుకువెళ్లండి. దాని నీడలో ఆ ప్రశ్నలే మళ్లీ అడగండి.